చిన్నోడి ఆల్‌జీబ్రా ఎంత వేగంగా నడిపించాలంటే

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. చిన్నోడికి పదేళ్ళు నిండాయని, ఎక్కాలూ భిన్నాలూ బాగానే వచ్చాయని, ఆల్‌జీబ్రా వన్ పుస్తకం తెప్పించి ఆగస్టు నుంచి ఇంట్లోనే మొదలుపెడుతున్నానని రాశావు. 12 చాప్టర్లు, 36 వారాలు, చాప్టర్‌కి 3 వారాలు, సరిపోతుందా పెద్దమ్మా అని అడిగావు. నువ్వు గీసి పంపిన టైమ్‌టేబుల్ కూడా చూశాను, చాలా శ్రద్ధగా వేశావు. కానీ నువ్వు దాన్ని పుస్తకంలో విషయసూచిక చూసి వేశావు, చిన్నోణ్ణి చూసి వేయాల్సింది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఇలా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక సంగతి చూడు. మీ అమెరికాలో ఆల్‌జీబ్రా వన్ అని ఒకే అట్టలో కుట్టి ఇచ్చే పాఠాలు మన బళ్ళలో ఒక ఏడాదిలో చెప్పేవి కావు. ఆరో తరగతిలో అగ్గిపుల్లలు పేర్చి చరరాశి అంటే ఏంటో పరిచయం చేసేవాళ్ళం. ఏడులో సామాన్య సమీకరణాలు, ఎనిమిదిలో బీజీయ సమాసాలు, కారణాంకాలు, తొమ్మిదిలో బహుపదులు, రెండు చరరాశుల సమీకరణాలు, వాటి గ్రాఫులు, పదిలో ఆ సమీకరణాల జతల్ని సాధించడం, వర్గ సమీకరణాలు. మొత్తం ఐదేళ్ళు. నువ్వూ అలాగే చదువుకున్నావు, ప్రతి జూన్‌లో సగం మర్చిపోయి వచ్చి మళ్ళీ గుర్తుచేసుకుంటూ. అక్కడి పిల్లలు ఒక్క ఏడాదిలో చదువుతున్నారంటే వాళ్ళలో ఎక్కువమందికి 13, 14 ఏళ్ళుంటాయి, దానికి ముందు ప్రీ ఆల్‌జీబ్రా అని ఒక ఏడాదైనా నలిగి వస్తారు. మనవాడికి పదేళ్ళు. తెలివైనవాడే, నేను కాదనను. అయితే అర్థం కావడం వేరు, చెయ్యి తిరగడం వేరు. పదేళ్ళ పిల్లాడికి అర్థం ఐదు నిమిషాల్లో అవుతుంది, చెయ్యి తిరగడానికి మాత్రం నెలలు పడుతుంది, నిన్ను కంగారు పెట్టేది ఆ తేడాయే.

అందుకని 18 నెలలు పెట్టుకో. రెండేళ్ళు పట్టినా నష్టం లేదు. టెక్సాస్‌లో ఇంటి చదువుని ప్రైవేట్ స్కూల్ కిందే లెక్కేస్తారని, 1994లో అక్కడి సుప్రీం కోర్టే ఆ మాట తేల్చిందని, నువ్వు చిన్నోణ్ణి బడి మాన్పించేటప్పుడు మీ అమ్మకి ధైర్యం చెప్పడానికి నువ్వే చదివి వినిపించావు. ఏడాదికి ఇన్ని రోజులు చెప్పాలి, ఇన్ని పరీక్షలు పెట్టాలి అనే నిబంధన నీకు లేదు కదా. మరి ఈ 36 వారాల గడువు ఎవరు పెట్టినట్టు? పిల్లాడి వేగం పిల్లాడికి ఉండనివ్వాలనే కదా అంత ఆలోచించి ఇంట్లో పెట్టుకున్నావు.

పుస్తకం తెరిచే ముందు ఒక సాయంత్రం కాగితం మీద ఇది రాసి ఇవ్వు: 8 + 4 = □ + 5. ఏమీ వివరించకు, మొహంలో ఏమీ కనిపించనివ్వకు. చాలామంది పిల్లలు ఆ గడిలో 12 రాస్తారు, కొందరు అన్నీ కూడేసి 17 రాస్తారు. తెనాలి పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పాను, ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లల్లో కూడా 12 రాసినవాళ్ళని చూశాను. ఒకటో తరగతి నుంచి సమానం గుర్తు అంటే 'జవాబు ఇక్కడ రాయి' అని అలవాటైపోయి ఉంటుంది మరి. మనవాడు 7 రాస్తే సంతోషం, ఆ పైన ముందుకెళ్ళు. 12 రాస్తే మాత్రం పుస్తకం పక్కన పెట్టి రెండు మూడు వారాలు తక్కెడతోనే గడుపు. అక్కడ కూరగాయల తక్కెడ దొరకదు, హ్యాంగర్‌కి రెండు ప్లాస్టిక్ గిన్నెలు కట్టినా చాలు. ఇటు రెండు బఠాణీలు తీస్తే అటూ రెండు తీయాలి అని వాడి చేత్తో వాడు చేయాలి. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది నీకు, కానీ ఆ తర్వాత ఏడాదిన్నరా వాడు చేసేది ఇదే పని.

రెండోది రుణ సంఖ్యలు. మైనస్ మైనస్ ప్లస్ అని పాటలాగా నేర్పి వదిలేయకు. మన పాతకాలపు గణితకారుడు బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే వీటికి ధనం, రుణం అని పేర్లు పెట్టి సూత్రాలు రాశాడు, ఆ మాటలు మన నోట్లో ఇప్పటికీ ఉన్నాయి, వాడికి తెలుగు బాగా వచ్చు కాబట్టి తెలుగులోనే చెప్పు. నీ దగ్గర 10 ఉంది, 4 అప్పుంది, అంటే చేతిలో ఉన్నా నిజంగా నీది 6. ఆ అప్పు ఎవరో మాఫీ చేశారు, ఇప్పుడు నీది ఎంత? అప్పుని తీసేయడం అంటే కలపడమేనని వాడే చెబుతాడు. నెగెటివ్ నంబర్ అన్నప్పుడు రాని తెలివి అప్పు అన్నప్పుడు వస్తుంది, ఎన్నిసార్లు చూశానో.

ఇక అసలు సమీకరణాల దగ్గరికొద్దాం. ఈ ఉత్తరంలో నేను ఎక్స్ బదులు య అని రాస్తాను. పాతకాలపు మన గణితకారులు తెలియని రాశిని యావత్తావత్ అనేవాళ్ళు, అంటే ఎంతో అంత, దాన్ని కుదించి యా అని రాసేవాళ్ళు. రెండో తెలియని రాశి వస్తే కాలకం, మూడోది వస్తే నీలకం, అన్నీ రంగుల పేర్లు. చిన్నోడికి ఇది చెప్పు, వాడికి నచ్చుతుంది, అక్షరానికి మహిమేమీ లేదు, ఏ పేరైనా పెట్టుకోవచ్చని కూడా అర్థమవుతుంది.

నువ్వు తప్పకుండా చేస్తావని నాకు భయంగా ఉన్న పని ఒకటుంది, ఎందుకంటే మనందరం అలాగే నేర్చుకున్నాం. 'ఇటు నుంచి అటు తీసుకెళ్తే గుర్తు మారుతుంది' అని చెప్పడం. మొదటి రెండు నెలలు ఆ మాట ఇంట్లో వినిపించకూడదు. య + 7 = 12 అయితే రెండు వైపులా 7 తీసేశాం అని వాడు పూర్తిగా రాయాలి, ప్రతిసారీ, విసుగొచ్చినా సరే. గుర్తు మార్చే సూత్రం ముందే చేతికిస్తే 3య = 12 దగ్గర 3ని అటు తీసుకెళ్ళి మైనస్ 3 చేసి య = 9 అంటాడు. ఆ తప్పుని పదో తరగతి పరీక్ష పేపర్లలో కూడా దిద్దాను. రెండు వైపులా ఒకే పని చేయడం ఒంటికి పట్టిన తర్వాత గుర్తు మారే సంగతి వాడే కనిపెడతాడు, "అమ్మా, ఇలా చేస్తే తొందరగా అవుతోంది" అని వచ్చి నీకు చెబుతాడు. ఆ రోజు దాకా ఆగు. అలా వాడే వచ్చి చెప్పే రోజు నీ టైమ్‌టేబుల్‌లో ఏ గడిలోనూ పట్టదు.

ఇప్పుడు ఒక్క లెక్క దగ్గర కాసేపు కూర్చుందాం, వేగం అంటే ఏంటో ఇక్కడ తెలుస్తుంది. 5 − 2(య − 3) = 1. వాడు 5 − 2య − 6 అని రాస్తాడు. రాస్తాడు, నువ్వు ఎంత బాగా చెప్పినా రాస్తాడు. ఇంకో రోజు 5లోంచి ముందే 2 తీసేసి 3(య − 3) అంటాడు. నువ్వు వెంటనే వేలు పెట్టి "ఇక్కడ ప్లస్ సిక్స్ రావాలి కదరా" అనకు. చివరిదాకా పోనివ్వు. య = −1 అని తెస్తాడు. అప్పుడు "వేసి చూడు" అను, అంతే. య ఉన్నచోట −1 వేస్తే ఎడమవైపు 13 వస్తుంది, కుడివైపు 1 ఉంది. పెన్సిల్ కొరుకుతూ వెనక్కి వెళ్ళి లైను లైనూ చూసుకుంటాడు, పది నిమిషాలు పట్టొచ్చు. ఆ పది నిమిషాలు నువ్వు గిన్నెలు సర్దుకో, కూరగాయలు తరుక్కో, పక్కన నిలబడకు. దొరక్కపోతే షాపు లెక్క వేయించు: నీ దగ్గర 20 డాలర్లు, బొమ్మ ఒక్కోటి 7, ఒక్కో బొమ్మ మీద 3 తగ్గింపు, రెండు కొన్నావు. ముందు రెండింటికీ 14 ఇచ్చేశావు, తర్వాత తగ్గింపు 6 నీకు తిరిగొచ్చింది, చేతిలో 12. తిరిగొచ్చిన 6 ఎందుకు ప్లస్సో పిల్లాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ఒక్క రకం లెక్క మీద నువ్వు మూడు వారాలు గడిపినా నేను ఆలస్యం అనను. దీన్ని హడావిడిగా దాటేస్తే బహుపదుల్లో, కారణాంకాల్లో, వర్గ సమీకరణాల్లో ప్రతి పేజీలో ఇదే తప్పు వెంటాడుతుంది. అప్పుడు వాడికి వర్గ సమీకరణాలు రావట్లేదని నువ్వు అనుకుంటావు, నిజానికి రానిది ఇది.

'వేసి చూడు' అలవాటైతే వెనక పేజీలో జవాబులతో పనే ఉండదు. ఆ పేజీలు క్లిప్పు పెట్టి మూసెయ్.

రోజుకి ఎంతసేపు అని అడగలేదు కానీ చెబుతాను. పదేళ్ళ పిల్లాడికి 30 నిమిషాలు. బాగా ఊపులో ఉంటే 40. గంట కూర్చోబెట్టావంటే చివరి ఇరవై నిమిషాలూ వాడు తప్పులే సాధన చేస్తాడు, రేపు ఆ తప్పులే బాగా వస్తాయి. రోజుకి 12 లెక్కలు మించొద్దు, అందులో కొత్త పాఠానివి 4, మిగతా 8 పాతవి, నిన్నటివి కొన్ని, పోయిన నెలవి కొన్ని, కలిపి ఇవ్వు. ఏ పాఠం లెక్కో వాడికి తెలియకూడదు. పుస్తకాల్లో ఒకే రకం లెక్కలు ముప్పై వరసగా ఇస్తారు, నాలుగో దానికల్లా పిల్లాడు ఆలోచించడం మానేసి చెయ్యి తిప్పుతూ పోతాడు, అన్నీ రైటు వస్తాయి, మనం సంబరపడతాం. మూడు వారాల తర్వాత చెప్పాపెట్టకుండా అలాంటిదే ఒకటి ఇచ్చి చూడు. అది చేస్తేనే ఆ చాప్టర్ అయినట్టు రాసుకో. నా దగ్గర ముందుకెళ్ళడానికి ఇంతకన్నా పెద్ద పరీక్ష లేదు.

రాత విషయం కూడా. వాడి అక్షరాలు పెద్దవి, లైను పక్కకి ఒరుగుతుంది, పైన −4 అని రాసింది కింద లైనులోకి 4గా దిగుతుంది. అది లెక్క రాకపోవడం కాదు. చదరాల నోటుబుక్కు కొను, ఒక గడిలో ఒక అంకె. సమానం గుర్తులన్నీ ఒకే గీత మీద కిందకి దిగాలి. మరీ అలసిపోయిన రోజు వాడు నోటితో చెబుతుంటే నువ్వు బోర్డు మీద రాయి, ఏమీ తప్పు లేదు, ఆలోచన వాడిదే కదా.

ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరిగెత్తాలి అంటే, అసమీకరణాలు, అంటే సమానం బదులు పెద్దది, చిన్నది గుర్తులతో వచ్చేవి, పది రోజుల్లో అయిపోతాయి, రుణ సంఖ్యతో గుణిస్తే గుర్తు ఎందుకు తిరగబడుతుందో 3, 5 తీసుకుని −3, −5 చేసి సంఖ్యారేఖ మీద చూపిస్తే చాలు. రెండు సమీకరణాల జతలు కూడా గ్రాఫులు బాగా వస్తే తేలిగ్గా పోతాయి. గ్రాఫుల దగ్గర, వాలు (స్లోప్) దగ్గర మాత్రం రెండు నెలలు ఉండు. పుస్తకంలో గ్రాఫులు కాదు, వాడి డబ్బాలో ఉన్న 15 డాలర్లకి వారానికి 4 చొప్పున కలిపితే ఎప్పటికి ఎంతవుతుందో గోడ మీద పెద్ద కాగితం అంటించి ప్రతి శనివారం ఒక చుక్క పెట్టించు. చుక్కలన్నీ ఒకే గీత మీదకి వస్తాయని వాడు ఐదో వారం చూస్తాడు. మధ్యలో వారానికి 6 ఇస్తే గీత ఎలా లేస్తుందో అడుగు. వాలు అంటే అదే.

కారణాంకాలకి కూడా చాలా సమయం కావాలి, కానీ దానికో ఉపాయం ఉంది. ఆ చాప్టర్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పటి నుంచే కారులో ఆట ఆడండి. "గుణిస్తే 24, కూడితే 11, ఏ రెండు?" ఎనిమిదీ మూడూ. రెండు నెలలయ్యాక "గుణిస్తే −24, కూడితే 5" అను. అల్లుడుగారు డ్రైవింగ్ చేస్తూ కూడా ఆడొచ్చు. పిల్లాడు ఆ చాప్టర్‌కి వచ్చేసరికి సగం పని కారులోనే అయిపోయి ఉంటుంది. అలాగే (య + 3)² అంటే య² + 9 అని రాసిన రోజున య అంటే 10 అనుకుని రెండు విధాలుగా చేయించు, ఒకవైపు 169, ఇంకోవైపు 109. తర్వాత చదరాల కాగితం మీద 13 గడుల చతురస్రం గీసి 100, 30, 30, 9 ముక్కలుగా రంగులేయించు. ఆ రెండు 30లు చూసిన పిల్లాడు మళ్ళీ మర్చిపోవడం తక్కువ.

ఇవన్నీ నాకు మొదటి నుంచీ తెలుసని అనుకోకు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా పెద్దదాని కూతురికి వీడియోలో నేనే చెప్పాను. అప్పుడు దానికి పదకొండేళ్ళు. వారానికి రెండు పాఠాలు, ఠంచనుగా, నీలాగే చార్టు వేసి చెప్పాను. అది కూడా చకచకా చేసేది, తొమ్మిది నెలల్లో పుస్తకం పూర్తి. నేను అందరికీ చెప్పుకున్నాను. మళ్ళీ వేసవికి ఇక్కడికొచ్చినప్పుడు సరదాగా ఒక రాతలెక్క ఇచ్చాను, తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు అని మొదలయ్యేది. కాగితం వైపు చాలాసేపు చూసి "అమ్మమ్మా, ఇది ఏ చాప్టర్‌దో చెప్పవా" అని అడిగింది. దాని గొంతులో భయం ఉంది. సూత్రాలన్నీ ఉన్నాయి, ఏది ఎప్పుడు తీయాలో తెలియదు. అంత పెద్ద సర్వీసు చేసి నా మనవరాలికి నేను చేసింది ఇదా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి చార్టు లేకుండా, ఏడాది పట్టింది. మన దగ్గర ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని పరిగెత్తించే పిల్లల్లో కూడా ఇదే భయం చూస్తున్నాను, అందుకే నీ చార్టు చూడగానే గుండె కలుక్కుమంది.

రాతలెక్కలకి విడిగా చాప్టర్ పెట్టకు, ప్రతిరోజూ ఒకటి ఉండాలి. వాడు ముందు తెలుగులోనో ఇంగ్లీషులోనో కథలా చెప్పాలి, తర్వాత య అంటే ఏంటో ఒక వాక్యం రాయాలి, 'య అంటే కొడుకు' అని కాదు, 'య అంటే కొడుకు ఇప్పటి వయసు' అని. ఆ వాక్యం సరిగ్గా వస్తే లెక్క సగం అయినట్టే.

నీ గురించి కూడా ఒక మాట. అమ్మే టీచర్ అయితే పిల్లాడికి తప్పించుకునే చోటు ఉండదు. లెక్క టైమ్ అయ్యాక ఆ సంగతి భోజనాల దగ్గర ఎత్తకు, వాళ్ళ నాన్నకి "ఇవాళ మళ్ళీ అదే తప్పు చేశాడు" అని వాడు వింటుండగా చెప్పకు. కళ్ళనీళ్ళు వచ్చిన రోజు పుస్తకం మూసెయ్, ఆ రోజుకి అంతే, శిక్షలా కాకుండా మామూలుగా మూసెయ్. వరసగా మూడు రోజులు అలా అయితే పాఠం వాడికి పెద్దదైందని అర్థం. రెండు పాఠాలు వెనక్కి వెళ్ళు. మీరు డిసెంబర్‌లో ఇక్కడికొచ్చే నెల రోజులూ పుస్తకం తేవొద్దు, తిరిగి వెళ్ళాక రెండు వారాలు పాతవే చేయించు, ఆ రెండు వారాలు ఇప్పుడే లెక్కలో వేసుకో, అప్పుడు వెనకబడ్డామని టెన్షన్ ఉండదు.

పక్కింటి అబ్బాయి ఆరో గ్రేడ్‌లో ఆల్‌జీబ్రా అయిపోగొట్టాడని, ఏఎంసీ 8 అని బడి పిల్లలకి పెట్టే లెక్కల పోటీ పరీక్ష రాస్తున్నాడని రాశావు. ఆ పరీక్ష మంచిదే, 40 నిమిషాల్లో 25 ప్రశ్నలు, పాతవి సరదాగా ఇంట్లో ఇచ్చి చూడు, గడియారం లేకుండా. దాంట్లో చాలా ప్రశ్నలకి ఆల్‌జీబ్రా పుస్తకం అవసరమే ఉండదు, తీరిగ్గా ఆలోచించే ఓపిక కావాలి. రేపు హైస్కూల్‌కి మళ్ళీ బడిలో వేయాలనుకుంటే మాత్రం ఇంట్లో చదివిన దాన్ని ఎలా లెక్కలోకి తీసుకుంటారో మీ స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళని ఇప్పుడే అడిగి పెట్టుకో, నోటుబుక్కులు తేదీలు వేసి దాచు.

వారానికి ఒక రోజు పుస్తకం ముట్టుకోవద్దు, ఆ రోజు ఒకే ఒక్క లెక్క. మొదటి వారానికి నేనే ఇస్తున్నాను. భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో పెట్టిన లెక్క ఇది. తేనెటీగల గుంపులో అయిదో వంతు కడిమి పూల మీద వాలింది, మూడో వంతు శిలీంధ్ర పూల మీద వాలింది, ఈ రెండు గుంపులకీ ఉన్న తేడాకి మూడు రెట్లు కొడిసె పూల మీదకి వెళ్ళాయి, ఒక్కటి మాత్రం ఎటూ వాలకుండా గాల్లో తిరుగుతోంది. మొత్తం ఎన్ని? బొమ్మ గీసుకుని చేసినా సరే, ఊహించి వేసి చూసినా సరే, య పెట్టి చేసినా సరే. నువ్వు ముందే చేసి పెట్టుకో, వాడికి మాత్రం చెప్పకు. శనివారం రాత్రి మీకు ఎనిమిదంటే ఇక్కడ ఆదివారం ఉదయం ఆరున్నర, నేను కాఫీ తాగి కూర్చుని ఉంటాను, వాణ్ణి వీడియోలో కూర్చోబెట్టు, ఎలా చేశాడో నాకు చెప్పమను. జవాబు రాకపోయినా రమ్మను, ఎక్కడిదాకా వెళ్ళాడో చూస్తాను.

మీ పెద్దమ్మ